బస్సు ఎక్కినోళ్లు రోగులట, బస్సు ఎయ్యనోళ్లు దొరలట!

"ఫ్రీ బస్సు పెట్టినంక బస్సెక్కుడంటే రోగాన్ని కొని తెచ్చుకునుడే." లక్సెట్టిపేటల ఈ మాట ఇప్పుడు బాగ చెలామణి అయితున్నది. చాయ హోటల్ కాడ అంటున్నరు, ఎరువుల దుకాణం కాడ అంటున్నరు, మేం పంతుళ్లం కూసుండే స్టాఫ్ రూంల సుత అంటున్నరు. అనేటోళ్లు ఎవరయ్యా అని చూస్తే బస్సెక్కక పదేండ్లయినోళ్లే ఎక్కువ. ఇంటి ముంగట కారున్నది, కొడుక్కు మోటరు సైకిలున్నది. బస్సుల ఎవరు దగ్గుతున్నరో, ఎవరు తుమ్ముతున్నరో వీళ్లకు ఎట్ల తెలిసిందో వాళ్లకే ఎరుక.

2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలైంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులల్ల ఆడోళ్లకు టికెట్టు పైసలు లేవు. పత్తి ఏరే తల్లి, బీడీలు చేసే అక్క, దండేపల్లి దిక్కు నుంచి కాలేజీకి వచ్చే పిల్ల, ఆధార్ కార్డు చూపి జీరో టికెట్టు తీసుకొని బస్సుల కూసున్నరు. అంతకుముందు వీళ్లు రోగాలు లేకుండ ఉన్నరా? వీళ్లు పక్కన నిలబడ్డరని ఇప్పుడే కొత్తగ రోగం పుట్టిందా? అసలు ముచ్చట రోగం కాదు. పక్క సీట్ల ఎవరు కూసున్నరన్నదే ముచ్చట. పొలంల పనిచేసి వచ్చిన మనిషికి చెమట వాసన వస్తది. చెమట రోగం కాదు. ఆ చెమట పండించిన బియ్యం తినేటప్పుడు ఎవరికీ రోగం భయం లేదు.

మన భాషల "అంటు" అనే మాటకు రెండు పనులు అప్పజెప్పిన్రు. ఒకటి అంటువ్యాధి, రెండోది అంటరానితనం. మొదటిది డాక్టరు చెప్పేది, రెండోది మనువు చెప్పింది. ఈ రెండిటినీ కలిపి కుట్టి మాట్లాడే అలవాటు మనదేశంల చాన పాతది. అందుకే ఎక్కడన్న రోగం పేరు వినబడంగనే పెద్దకులపోని చూపు గాలి మీదికి, నీళ్ల మీదికి పోదు, సీదా మన మీదికే వస్తది.

అట్లని బస్సుల రోగం అంటదని నేనంటలేను. అబద్ధం చెప్పి మనోళ్ల పానం మీదికి తెచ్చే పని మనకు వద్దు. క్షయ గాలిల పోతది, కరోనా గాలిల పోతది, తట్టు గాలిల పోతది, ఫ్లూ జరం దగ్గు తుంపర్లతోటి పోతది. రోగి దగ్గినా, గట్టిగ మాట్లాడినా సన్న తుంపర్లు బయటికి వస్తయి. అవి మూసిన జాగల గంటల కొద్ది గాలిల తేలుతనే ఉంటయి. ఆ గాలే అందరు పీలుస్తరు. కాబట్టి అడగాల్సిన ప్రశ్నలు మూడు. బండిల ఎందరున్నరు? ఎంతసేపు ఉన్నరు? బయటి గాలి లోపలికి వస్తున్నదా? ఈ మూడు ప్రశ్నలల్ల కులం ఎక్కడన్న ఉన్నదా? టికెట్టు పైసలిచ్చి కొన్నదా, ఫ్రీగ వచ్చిందా అన్నది ఉన్నదా?

చైనాల జరిగిన సంగతి ఒకటి చెప్త. 2020 జనవరిల జెజియాంగ్ రాష్ట్రంల గుడికి పోయే భక్తులు రెండు బస్సులల్ల పోయిన్రు. ఒకదాంట్ల 60 మంది, ఇంకోదాంట్ల 68 మంది. రెండో బస్సుల ఒకామెకు కరోనా ఉన్నది, ఆమెకే తెల్వదు. పోను యాభై నిమిషాలు, రాను యాభై నిమిషాలు. కిటికీలు మూసి ఏసీ ఏసిన్రు. ఆ ఏసీ లోపలి గాలినే తిప్పి తిప్పి వదిలే తీరుది. ఆ బస్సుల ఆమెతో కలిపి 24 మందికి రోగం తేలింది. మొదటి బస్సుల ఒక్కరికీ రాలే. రెండో బస్సుల సుత తెరిచే కిటికీ కాడ, తలుపు కాడ కూసున్నోళ్లు దాదాపు అందరు తప్పించుకున్నరు. ఆమెకు దూరంగ కూసున్నోళ్లకు మాత్రం అంటింది. అంటే పక్కన ఎవరున్నరన్నదానికంటె, గాలి ఎటు తిరిగిందన్నదే తేల్చింది.

మన దగ్గరిదే ఇంకొకటి ఉన్నది. తమిళనాడు, ఆంధ్రప్రదేశ్‌ల కరోనా రోగులను కలిసినోళ్ల లెక్కలు తీసి 2020ల ఒక పెద్ద పరిశోధన అచ్చయింది. ఒకే ఇంట్ల ఉన్నోళ్లల్ల నూటికి 9 మందికి అంటింది. ఆరు గంటలు, అంతకంటె ఎక్కువ రోగితోటి దగ్గర దగ్గరగ ఒకే బండిల ప్రయాణం చేసినోళ్లల్ల నూటికి 79 మందికి అంటింది. ఆ ప్రయాణికుల లెక్క చిన్నదే, 78 మందే. అయినా దారి ఏందో తెలుస్తనే ఉన్నది. ఇగ ఇప్పుడు చెప్పున్రి. కిటికీలు తెరుచుకొని అరగంటకు ఊరు చేరే పల్లెవెలుగు ఎక్కువ భయమా, అద్దాలు బిగించి రాత్రంతా దుప్పటి కప్పుకొని హైదరాబాద్ పోయే ఏసీ బస్సు ఎక్కువ భయమా? ఏసీ బస్సెక్కినోన్ని "రోగం తెచ్చినవా" అని ఎవడన్న అడిగిండా?

రోగం వచ్చినప్పుడు బండిని చూడకుండ మనిషిని చూసుడు ఎట్లుంటదో మన కండ్ల ముంగటనే జరిగింది. 2020 మార్చిల ఇండోనేషియా నుంచి వచ్చిన ముస్లిం మత ప్రచారకులు ఢిల్లీల సంపర్క్‌క్రాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి 14వ తారీఖున రామగుండంల దిగిన్రు. మంచిర్యాల పట్టాల మీదుగ పోయే రైలే అది. అక్కడి నుంచి కరీంనగర్ పోయిన్రు. 18వ తారీఖు వరకు వాళ్లల్ల 8 మందికి కరోనా ఉన్నదని తేలింది. కరీంనగర్ల గల్లీలకు గల్లీలు కట్టేసి ఇంటింటికి తిరిగి పరీక్షలు చేసిన్రు. ఆ పని మంచిదే, చెయ్యాల్సిందే. కాని తర్వాత ఏమైంది? ఒకే డబ్బల ఇంతమందిమి రాత్రీ పగలు ఎట్ల కుక్కుకొని పోతున్నమన్న ప్రశ్న పక్కకు పోయింది. "ఆ మతపోళ్లు తెచ్చిన్రు" అన్న మాట మిగిలింది. కూరగాయల బండి తోసే సాయిబును ఊర్లకు రానియ్యద్దని టీవీలల్ల, ఫోన్లల్ల ప్రచారం నడిచింది. ఆ మాటను మన వాడలల్ల సుత కొందరు మోసిన్రు. మనల్ని దూరం పెట్టే కట్టెతోనే ఇంకొకన్ని దూరం పెట్టుడు మనకు తగునా? అదే ఏడు ఆగస్టుల బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి విదేశీ తబ్లీగీల మీద పెట్టిన కేసులు కొట్టేసింది, వాళ్లను బలిపశువులను చేసిన్రని చెప్పింది. ఆ తీర్పు గురించి ఎన్ని టీవీలు మొత్తుకున్నయి?

ఆ రోజులల్లనే "సామాజిక దూరం" అనే మాట దేశమంత మోగింది. మనకు ఆ మాట కొత్తదా? రెండు గ్లాసుల హోటళ్లు నడిపిన ఊర్లు ఇవి. ప్రపంచ ఆరోగ్య సంస్థనే 2020 మార్చిల భౌతిక దూరం అనుమని మాట మార్చుకున్నది. మనుషుల మధ్య మూరల లెక్క దూరం ఉండాలె గాని సంబంధం తెగద్దని వాళ్ల ఉద్దేశం. మన దగ్గర మూరల దూరం ఎవరికీ దొరకలే, సంబంధమే తెగింది.

బండికీ అంటరానితనానికీ ఉన్న లెక్క తెలుసుకోవాలంటే బాబాసాహెబ్ చిన్నప్పటి సంగతి మతికి తెచ్చుకోవాలె. 1901ల పిల్లగాడైన అంబేద్కర్, అన్న, అక్క కొడుకు కలిసి తండ్రి దగ్గరికి పోతూ మసూర్ స్టేషన్ల రైలు దిగిన్రు. మంచి బట్టలు చూసి స్టేషన్ మాస్టరు ముద్దుగనే మాట్లాడిండు. మహార్లమని చెప్పంగనే మొకం మార్చుకొని జరిగిపోయిండు. ఒక్క బండి కట్టలే. రెండింతల కిరాయి ఇస్తమన్నా మైలపడ్తమన్నరు. ఆఖరుకు పిల్లలే బండి తోలుకోవాలె, బండోడు పక్కపొంటి నడిచి వస్తడు అనే షరతు మీద ఒకడు ఒప్పుకున్నడు. 1929ల బాబాసాహెబ్ విదేశాలల్ల పెద్ద చదువులు చదివి, సర్కారు కమిటీల సభ్యుడై చాలీస్‌గావ్‌ల దిగితే ఏమైంది? టాంగావాలాలు తోలమన్నరు. టాంగా తోలుడు రాని మనోడే ఒకడు తోలిండు. మోరీ కాడ చక్రం తట్టి బాబాసాహెబ్ రాళ్ల మీద పడ్డడు, కాలు విరిగింది. రోగం లేదు, రొష్టు లేదు. ఆ బండ్లోళ్లు భయపడ్డ అంటు మన పుట్టుకది.

అందుకే నేను మా పిల్లలకు చెప్త, ఆర్టీసీ బస్సు మనకు ఉత్త బండి కాదని. నిజాం కాలంల 1932ల 27 బస్సులతోటి మొదలైన రవాణా ఇది. బస్సుల సీటుకు కులం రాసి లేదు. పటేలు భుజం మన భుజానికి తగిలిన మొదటి జాగలల్ల బస్సు ఒకటి. భుజం తగిలితే ఓర్వలేనోళ్లు ఏం చేస్తరో తెల్వనిదా? చుండూరుల 1991ల సినిమా హాల్ల ఒక దళిత పిల్లగాని కాలు తగిలిన కాడ మొదలైన పగ ఆగస్టు 6న 8 మంది దళితులను నరికే దాక పోయింది. బస్సుల పక్కన కూసున్నమని ఇయ్యాల నరకలేరు. "రోగం" అంటరు, "కంపు" అంటరు, "ఫ్రీ బ్యాచ్" అంటరు. ఇది పాత అంటుకు కొత్త తువ్వాల చుట్టుడే.

సర్కార్ల తీరు చూద్దాం. 1897ల ప్లేగు వచ్చినప్పుడు తెల్లదొరలు అంటువ్యాధుల చట్టం చేసిన్రు. రైలు ప్రయాణికులను ఆపి తనిఖీ చేసే అధికారం అందుల రాసిన్రు. ఆ తనిఖీలల్ల నలిగింది మూడో తరగతి డబ్బలోళ్లే. స్వతంత్రం వచ్చి నలభై రెండేండ్లయినంక 1989ల చేసిన రైల్వే చట్టంల 56వ సెక్షన్ ఉన్నది, అంటువ్యాధి ఉన్నోన్ని రైలెక్కనియ్యకుండ ఆపొచ్చు. 2020ల పాత అంటువ్యాధుల చట్టాన్ని సవరించి బస్సులను, రైళ్లను తనిఖీ చేసే అధికారం కలిపిన్రు. ఆపే అధికారం, దింపే అధికారం, తనిఖీ అధికారం ఉన్నయి. మరి యాభై సీట్ల బస్సుల నూరు మందిని నింపి నడిపినందుకు, ఇంకో బస్సు ఎయ్యనందుకు ఏ అధికారిని ఏ సెక్షన్ కింద నిలబెట్టి అడిగిన్రు?

1994 సెప్టెంబర్ల సూరత్‌ల ప్లేగు అన్నప్పుడు మన జిల్లాల పద్మశాలి కుటుంబాలు ఎన్నో అక్కడ మగ్గాల మీద బతుకుతున్నయి. లక్షల మంది రైళ్లెక్కి పారిపోయిన్రు. చాలమంది ప్రైవేటు డాక్టర్లు దవాఖానలకు తాళాలేసి వాళ్లకంటె ముందుగ పోయిన్రు. కూలోడు పారిపోతే "రోగం మోసుకొస్తున్నడు" అన్నరు, డాక్టరు పారిపోతే ఏమన్లే. ఆ సూరత్ ఎట్ల బాగుపడ్డది? ప్రయాణికులను పట్టుకుంటే బాగుపడలే. 1995ల ఎస్.ఆర్. రావు కమిషనర్‌గ వచ్చి చెత్త ఎత్తించిండు, మోర్లు తీయించిండు, పని చెయ్యని ఆఫీసర్లను గల్లీలల్ల నిలబెట్టిండు. ఎత్తింది మాత్రం సఫాయి కార్మికులు. వాళ్లెవరో చెప్పాల్నా?

కరోనాల మనకు జరిగింది ఇంకా ఘోరం. 2020 మార్చి 22 నుంచి ఆర్టీసీ బస్సులు బందు. జిల్లాలల్ల మళ్ల బస్సు కదిలింది మే 19న. వలస కూలీలకు దేశంల మొదటి రైలు మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌ల హటియాకు మే 1న కదిలింది, లాక్‌డౌన్ పెట్టిన ఐదు వారాలకు. ఆ రైలు కదలకముందు ఏప్రిల్ల ములుగు జిల్లా మిరప తోటలల్ల పనిచేసిన 12 ఏండ్ల ఆదివాసీ పిల్ల బీజాపూర్ దిక్కు అడవిల పడి మూడు రోజులు నడిచి, ఊరు ఇంకొంత దూరం ఉందనంగ చచ్చిపోయింది. శవానికి పరీక్ష చేస్తే కరోనా లేదని వచ్చింది. బస్సు ఎక్కితే రోగం వస్తదని బస్సులాపిన్రు గద. ఆ పిల్లను చంపింది ఏ రోగం?

రోగం పేరు చెప్పి గుంజుకున్నది ఇంకా ఉన్నది. రైళ్లల్ల 60 దాటిన ముసలోళ్లకు 40 శాతం, 58 దాటిన ముసలమ్మలకు 50 శాతం రాయితీ ఉండేది. పెద్దోళ్లు ప్రయాణాలు తగ్గిస్తే రోగం తగ్గుతదని 2020 మార్చి 20 నుంచి తీసేసిన్రు. మాస్కులు పోయినయి, రైళ్లు నిండుగ నడిచినయి, రాయితీ మాత్రం ఏండ్ల తరబడి తిరిగి రాలే. పాసింజర్ రైలుకు 10 రూపాయలున్న కనీస టికెట్టు "స్పెషల్" పేరు మీద 30 అయింది. అది మళ్ల 10కి దిగింది 2024 ఫిబ్రవరిల. రోగం నాలుగు నెలలు భయపెట్టింది, టికెట్టు నాలుగేండ్లు కొట్టింది.

మన ఆర్టీసీ కథ వేరేం గాదు. 2019 అక్టోబర్ 5 నుంచి కార్మికులు 52 రోజులు సమ్మె చేసిన్రు. సర్కారు 5,100 రూట్లు ప్రైవేటుకిస్తమని క్యాబినెట్ల తీర్మానం చేసింది. సమ్మె ముగిసినంక మొదట పెరిగింది చార్జీలు. ఆ డ్రైవర్లు, కండక్టర్లు ఎక్కువమంది మన బహుజన ఇండ్లోళ్లే. బస్సుల రోగం ఉందంటే అందరికంటె ముందు అంటేది, దినాం వందల మంది మొకాల ముంగట నిలబడి టికెట్టు కొట్టే కండక్టరుకు. వాళ్ల గురించి ఈ చాయ హోటల్ డాక్టర్లకు పట్టదు.

ఇప్పుడు అసలు భయపడాల్సిన రోగం ముచ్చట. కరోనా వచ్చింది, కార్లల్ల తిరిగెటోళ్లకు సుత అంటింది కాబట్టి దేశమే ఆగింది. క్షయ మన వాడలల్ల తరాల నుంచి ఉన్నది, ఎవడూ ఒక్క బస్సాపలే. ప్రపంచంల ఉన్న క్షయ రోగులల్ల నలుగురిల ఒకడు మనదేశపోడే. ఇరుకు ఇల్లు, అరకడుపు తిండి, రాయి కొట్టే కాడి దుమ్ము, పొయ్యి పొగ, ఇవి ఉన్న కాడ క్షయ ఉంటది.

మా బడికి వచ్చే ఒక పిల్ల తల్లి మూడు నెలలు దగ్గింది. పట్నం దవాఖానకు పోవాలంటే ఒక రోజు కూలి పోతది. పొద్దుగాల వచ్చే బస్సు తప్పితే మళ్ల ఎప్పుడో. షేర్ ఆటో ఎక్కితే పదిమందిల ఇరుక్కొని పోవాలె. ఒకసారి ఆటోల దగ్గు ఆగకపోతే నడి సడక్ మీద దింపేసిన్రట. ఆమె ఇంటికి మర్లిపోయింది. ఇంకో నెల దవాఖాన మొకం చూడలే. ఆ నెలంత ఇంట్ల పిల్లల మధ్యన, పత్తి చేన్లకు పోయే ట్రాలీల కూలీల మధ్యన దగ్గుకుంటనే ఉన్నది. ఆటోల నుంచి దింపినోళ్లు రోగాన్ని ఆపిన్రా, పెంచిన్రా? క్షయ మందులు మొదలుపెట్టినంక మామూలుగ రెండు మూడు వారాలల్ల రోగి నుంచి ఇంకొకరికి అంటుడు చాలవరకు తగ్గిపోతది. అంటించేది మందులు మింగే రోగి కాదు, రోగం బయటపడక దగ్గే మనిషి. అంటే దవాఖానకు తొందరగ చేరుడే అందరికి రక్ష. చేరాలంటే బస్సు కావాలె, బస్సుల ఆ మనిషికి ఒక సీటు కావాలె, అవమానం ఉండద్దు. బస్సులు తగ్గించినోడే క్షయను పంచుతున్నడని నేనంటే తప్పా?

దగ్గెటోళ్లకు సుత నాలుగు మాటలు. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జరం, బరువు తగ్గుడు, గల్లల నెత్తురు ఉంటే గల్ల పరీక్ష చేయించున్రి. సర్కారు దవాఖానల పైసలు లేవు, మందులకు పైసలు లేవు. మందులు మింగినన్ని నెలలు తిండికని నెలకు వెయ్యి రూపాయలు బ్యాంకుల పడాలె. 2018ల 500 ఉండేది, 2024 నవంబర్ నుంచి వెయ్యి చేసిన్రు. పడకపోతే ఆశా అక్కను అడుగున్రి, ఆమె చేతిల లేకపోతే దవాఖాన మీదికి నలుగురం పోదాం. దగ్గు ఉన్నన్ని దినాలు ప్రయాణంల మాస్కు గాని, తువ్వాల గాని, కొంగు గాని మూతికి అడ్డం పెట్టున్రి. ఇది సిగ్గుపడే పని కాదు, పక్కనున్న పసిపిల్లకు చేసే మేలు. బస్సెక్కంగనే కిటికీ తెరువున్రి, వాన జల్లు కొట్టినా కొంత సందు ఉంచున్రి. ఇంకొకటి, పక్కన కూసున్నందుకు, కడ్డీ పట్టుకున్నందుకు ఎయిడ్స్ రాదు. క్షయ సుత కడ్డీతోని, పళ్లెంతోని రాదు, గాలితోనే. మన సంఘపోళ్లల్ల కొందరికే ఈ తేడా తెల్వదు, మీటింగుల క్షయ ఉన్న తమ్మునికి చాయ వేరే గ్లాసుల ఇచ్చుడు నేను చూసిన. రెండు గ్లాసుల మీద కొట్లాడిన మనం చేసే పనేనా అది?

అధికారులను అడిగేది తేటగ అడుగుదాం. దండేపల్లి, జన్నారం దిక్కు నుంచి లక్సెట్టిపేట మీదుగ మంచిర్యాలకు బడి టైముల, కాలేజీ టైముల, దవాఖాన ఓపీ టైముల అదనపు ట్రిప్పులు ఎయ్యాలె. ఆడోళ్లు ఎక్కువ ఎక్కుతున్నరని లెక్కలు చెప్పి సంబురపడెటోళ్లు, ఎక్కినోళ్లకు సరిపడ బస్సుల లెక్క సుత చెప్పాలె. పల్లెవెలుగులల్ల జరగని కిటికీ అద్దాలు బాగుచెయ్యాలె, ఇదేం కోట్ల పని కాదు, ఒక మెకానిక్కు, ఒక రెంచి. గల్ల నమూనాలు ఊర్ల మీదికే వచ్చి తీసుకపోవాలె, దగ్గే మనిషిని ముప్పై కిలోమీటర్లు తిప్పద్దు. 2022ల మంచిర్యాలకు మెడికల్ కాలేజీ వచ్చింది, బోర్డు పెద్దగనే ఉన్నది. ఆ బోర్డు కాడికి మా వాడ నుంచి ముసలమ్మ పోవుడు ఎట్లనో కలెక్టరు గారు చెప్పాలె.

మంచిర్యాల డిపో మేనేజరుకు ఇచ్చే దరఖాస్తు రాసి పెట్టినం. అందుల ఏ ఊరికి ఏ టైముల ఎన్ని బస్సులు వస్తున్నయో, ఎందరు నిలబడి పోతున్నరో రాసుకునే జాగ ఖాళీగ ఉంచినం. ప్రతి ఊరిల చదువుకున్న పిల్లలు ఇద్దరు ఒక వారం పొద్దుగాల స్టేజి కాడ నిలబడి లెక్కపెట్టి రాయాలె. బస్సు ఆపకుండ పోయిన రోజును సుత తారీఖుతో రాయాలె. సంతకాలల్ల ఆడోళ్లయి ముందు ఉండాలె, ఎందుకంటే తిట్లు తింటున్నది వాళ్లే. కాయిదాలు వచ్చే పక్షం లోపల లక్సెట్టిపేట బస్టాండు కాడ మనోళ్లకు అప్పజెప్పున్రి.